ఎడంచేతి కొలత

గంట కొట్టి మరీ వెళ్ళింది ఆశాజ్యోతి. గంటలో వచ్చేస్తానని కూడా అంది. తెలుగు భాషకి అప్పుడప్పుడూ పిసినారితనం వస్తుంది, సైకిలుకి తగిలించేదానికీ గడియారంలో తిరిగేదానికీ కలిపి ఒక్క మాటే ఇచ్చి సర్దుకోమంది. సర్దుకుంటున్నాను. ఆదివారం పొద్దున్నే మద్దిలపాలెం జంక్షను వెనకవీధిలో, సింహాద్రి పాత సైకిళ్ళ షాపు ముందు, ఒక కాలు పొట్టిదైన స్టూలు మీద నా రెండు కాళ్ళతో బరువు కాచుకుంటూ, ఒక గంటసేపు ఒక గంట కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. గ్యాసు బండివాడు సిలిండరు మీద స్పానరుతో టంగుమనిపిస్తే లేచాను. ఎదురు డాబాలో ఎవరో హారతిస్తూ గంట వాయిస్తే లేచాను. పీచుమిఠాయివాడి గంటకి కూడా లేచాను, ఈ వయసులో. లేచిన ప్రతిసారీ స్టూలు వెనక్కి పడిపోయింది. "ఏటి బావా, నీకూ ఆ స్టూలుకీ పడతనేదా," అన్నాడు సింహాద్రి, ఏదో చక్రం తిప్పి చూసుకుంటూ. "పడుతోందయ్యా, అదే కదా పడుతోంది," అన్నాను. నవ్వాడు. నా నోటి పని నా నోరు చేసుకుపోతుంది, దానికి నాతో సంబంధం లేదు. నా కళ్ళు మాత్రం వీధి చివర, బస్సు డిపో గోడ మలుపు దగ్గర ఉన్నాయి. ఆ మలుపు దగ్గరే ఆశాజ్యోతి వీపు, నడుముకి అడ్డంగా ముడేసుకున్న పసుపు చున్నీ, చిన్నపిల్లలకిలా ఉంగరాలు తిరిగి కొత్తగా వచ్చిన పొట్టి జుట్టు, మూడూ కలిసి ఎటో తిరిగి మాయమైపోయాయి. ఫోను నా చేతికిచ్చి వెళ్ళింది. జేబుల్లేని బట్టలు కుట్టే దర్జీలని ఏమనాలి.

ఇందాక కొలతలప్పటి సంగతే మళ్ళీ మళ్ళీ తిరుగుతోంది బుర్రలో, చైను ఊడిన పెడలులాగా, ఎంత తిరిగినా ఎక్కడికీ పోకుండా. సింహాద్రిది జాలరిపేట. వాళ్ళింట్లో వల కొలిచినా తాడు కొలిచినా చేత్తోనే, అందుకని ఇతను సైకిళ్ళు కూడా చేత్తోనే కొలుస్తాడు. టేపు ఉంది, గోడకి వేలాడుతుంది, దాన్ని ఎవరూ ముట్టుకోగా చూడలేదు. సీటు చంక కింద పెట్టుకుని చెయ్యి కిందకి చాపితే మధ్యవేలు పెడళ్ళ ఇరుసుని తాకాలి. తాకితే ఆ సీటు ఎత్తు మనది. తర్వాత మోచెయ్యి సీటు ముక్కుకి ఆనించి ముందుకి చాపితే వేళ్ళు హ్యాండిలుకి తగలాలి. తగిలితే ఆ సైకిలు మనది. "సెయ్యెట్టక్కా," అన్నాడు. ఆశాజ్యోతిది ఎలమంచిలి, పైగా ఏళ్ళ తరబడి ఈ షాపులోనే పంక్చర్లు వేయించుకుంది, అంచేత ఇతనికి అక్క. అక్క మొగుణ్ణి గనక నేను బావని. మా నాన్న గోదావరి పక్కనించి ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్నప్పుడు వచ్చాడు, నేను అక్కడే రోలింగు మిల్లులో చేస్తున్నాను, అయినా ఈ ఊళ్ళో నాకున్న చుట్టరికాలన్నీ ఇలా పెళ్ళాం తరఫున వచ్చినవే. ఆశాజ్యోతి సీటుకి కుడిచెయ్యి పెట్టింది. వేలు ఇరుసుకి సరిగ్గా తగిలింది. హ్యాండిలు దగ్గరికి వచ్చేసరికి కుడిచెయ్యి తీసేసి ఎడంచెయ్యి పెట్టింది. అది పూర్తిగా చాచుకోదు. లోపల ఏదో నరం తీగలా లాగుతుందంటుంది. వేళ్ళు హ్యాండిలుకి బెత్తెడు దూరంలో ఆగిపోయాయి. సింహాద్రి నావైపు చూశాడు, నేను సైకిలు వైపు చూశాను, సైకిలు ఎవరివైపూ చూడలేదు. "సీటుకి కుడిచేతి కొలత, హ్యాండిలుకి ఎడంచేతి కొలత తీసుకో తమ్ముడూ. నా కాళ్ళకేటీ అవనేదు," అంది ఆవిడ, బోర్డు మీద లెక్క చెప్పినట్టు. లెక్కల టీచరు. అప్పుడు నేను, ఆ నిశ్శబ్దం భరించలేక, "సెకండ్ హ్యాండు సైకిలుకి సెకండ్ హ్యాండు కొలత," అన్నాను. సింహాద్రి నవ్వబోయి ఆగాడు. ఆశాజ్యోతి నవ్వింది, ఎప్పటిలాగే ఒక క్షణం ఆలస్యంగా. "ఇది సెకండ్ కాదండీ. మీ అమ్మాయిని ఎత్తుకున్నది ఇదే," అంది. నిజమే. శ్రీసత్య ఆ ఎడంచేతి మీదే పెరిగింది, కుడిచేత్తో ఆవిడ అన్నం కలుపుతూ ఉంటే.

సింహాద్రి లోపలికి వెళ్ళి, వెనక్కి వంపు తిరిగిన హ్యాండిలు ఒకటి తెచ్చి బిగించాడు. ఎడంచేతికి అందింది. ఆవిడ అటు తిరిగి బ్రేకులు నొక్కి చూసుకుంటోంది. అప్పుడు చేశాను నేను ఆ పని. సింహాద్రికి కన్ను గీటి, సీటు వైపు చూపించి, అరచెయ్యి కిందకి ఆడించాను. సీటు కింద చిన్న మీట ఉంది, అది తిప్పితే చాలు, పానా కూడా అక్కర్లేదు. "ఎంతా," అన్నాడు గొంతు తగ్గించి. నాలుగు వేళ్ళు చూపించాను. "అంత దించీమంటావేటి," అని గొణిగి, దించేశాడు. సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ పూర్తిగా నేలకి ఆనాలి, అదీ నా లెక్క. పడబోతే కాళ్ళు పెట్టెయ్యొచ్చు. చెయ్యి ఆన్చి పడకూడదు, ఆ చెయ్యి ఆన్చి అస్సలు పడకూడదు. మా ఇళ్ళల్లో పిల్లలకి సైకిలు కొన్నప్పుడు అందరూ చేసే పనే ఇది, మొదటి రోజు సీటు అడుక్కి దించెయ్యడం. ఆవిడ ఎక్కింది, పాదాలు ఆన్చింది, ఒక్కసారి కిందకి చూసుకుంది, నావైపు చూసింది. గంట కొట్టింది. వెళ్ళిపోయింది.

పోయిన ఏడాది ఆశాజ్యోతికి ఎడమ రొమ్ము తీసేశారు. చంకలో బిళ్ళలు కూడా తీశారు. ఈ మాట ఇలా తిన్నగా చెప్పెయ్యాల్సిందే. నా నోట్లో పడ్డ మాట ఏదైనా మెలికలు తిరిగే బయటికి వస్తుంది గానీ ఈ ఒక్కదాన్నీ ఎటు తిప్పినా తిరగలేదు. తిప్పడానికి ప్రయత్నించలేదని కాదు. ఆస్పత్రిలో డాక్టరుగారు ఇంక చేతికి వ్యాయామం చెయ్యాలమ్మా అంటే, జబ్బు జబ్బకొచ్చిందన్నమాట అన్నాను, డాక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పక్కనించి వేలాడే ట్యూబు చూసి, సైకిలు ట్యూబైతే సింహాద్రి చూసుకునేవాడు అన్నాను. ఆవిడ పొట్ట పట్టుకుని, నవ్వించకండి కుట్లు లాగుతున్నాయి అంది. ఆ మాట చాలు నాకు, కుట్లు లాగేంత నవ్వు వచ్చిందంటే మనిషి ఇక్కడే ఉంది. రాత్రిళ్ళు కాదు నాకు భయం, పగళ్ళు. పగలు చూడ్డానికి వచ్చేవాళ్ళు. బత్తాయిలు పట్టుకుని వచ్చి కుర్చీ అంచున కూర్చుని, గోడ మీద మా పెళ్ళినాటి ఫొటో వైపు ఒకసారి, ఆవిడ వైపు ఒకసారి చూసి నిట్టూర్చేవాళ్ళు, ఫ్రేము కొలతలు తీసుకుంటున్నట్టు. ఒకరోజు వాళ్ళు వెళ్ళాక ఆవిడే అంది, "ఫ్రేములో పెట్టేలా ఉన్నారు నన్ను. నాకు కావలసిన ఫ్రేము అది కాదు." ఏం ఫ్రేము కావాలి మరి అన్నాను. "సైకిలు ఫ్రేము. ఉక్కుది." నేను జోకనుకున్నాను. ఇంట్లో జోకులు నావి గదా.

జోకు కాదు. ఆవిడ పాత సైకిలు మా సీతమ్మధార బాల్కనీలో ఉండేది, దాని మీదే స్కూలుకి వెళ్ళేది, ఆవిడ మంచం మీద ఉన్నన్నాళ్ళూ దాన్ని ఉప్పుగాలి తినేసింది. ఈ ఊళ్ళో ఉక్కూ ఉంది, ఉక్కా ఉంది. ఉక్కు మేం తయారుచేస్తాం, ఉక్క సముద్రం తయారుచేస్తుంది, రెండూ కలిసి తుప్పు తయారుచేస్తాయి. ఆ తుప్పు నా తప్పు కాదని నేనూ, ఎవరి తప్పూ కాదని ఆవిడా అనుకుని దాన్ని ఇనపసామాన్లవాడికి ఇచ్చేశాం. ఇచ్చేటప్పుడు దాని గంట మాత్రం విప్పి ఉంచుకుంది. ఇవాళ వెంట తెచ్చి ఈ సైకిలుకి బిగించుకుంది, ఆ గంటే ఇప్పుడు కొట్టి వెళ్ళింది. ఆ పాత సైకిలు మీద ఆవిడ వెళ్తూ ఉంటే చూడాలి, విశాఖపట్నం మొత్తం మీద మలుపు దగ్గర చెయ్యి చాపి చూపించి తిరిగే సైకిలు అదొక్కటే. ఎడమకైతే ఎడంచెయ్యి, కుడికైతే కుడిచెయ్యి, భుజం ఎత్తున, తిన్నగా, స్కేలు పెట్టినట్టు. ఇక్కడ చెయ్యి బయటపెడితే అర్థం ఒక్కటే, వాన పడుతోందో లేదో చూసుకుంటున్నారని. ఆటోవాళ్ళు వెనక బ్రేకేసి తలెత్తి ఆకాశం చూసేవాళ్ళు. ఒకసారి ఒకాయన గొడుగు కూడా తీశాడని చెప్పింది, అది మటుకు నేను నమ్మను. డాక్టరుగారు సైకిలు తొక్కొచ్చమ్మా అన్న రోజున ఆవిడ సంతోషపడలేదు. "ఎడమకి తిరగడం ఎలాగండీ, చెయ్యి చూపించలేనుగా," అంది ఇంటికొచ్చి. చూపించకుండా తిరుగు, ఊరంతా అంతే కదా అన్నాను. మర్నాడు చూస్తే, అన్నీ కుడి మలుపులతోనే స్కూలుకి చేరే దారి ఒకటి లెక్క కట్టింది. వెళ్ళొచ్చు, కాకపోతే మధ్యలో సింహాచలం తగులుతుంది.

వంటింటి నడవలో గోడ పక్కన నిలబడి, ఎడంచేతి వేళ్ళని గోడ మీద సాలెపురుగులా పైకి నడిపించాలి, అదీ వ్యాయామం. ఎంతదాకా వెళ్తే అక్కడ పెన్సిలుతో గీత గీసే ఉద్యోగం నాది. మా అమ్మాయి ఎత్తు కొలిచిన గోడే అది, పాత గీతల పక్కన ఈ కొత్త గీతలు. వాళ్ళమ్మ మళ్ళీ పెరుగుతోంది అని శ్రీసత్యకి ఫోనులో చెప్పేవాణ్ణి. నడుం దాటింది, మోచెయ్యి ఎత్తు దాటింది, స్విచ్‌బోర్డు అడుగు అంచు దగ్గరికి వచ్చి ఆగిపోయింది. అక్కడే రోజులు, వారాలు, గీత మీద గీత, లావుగా నల్లగా ఒక్కటే గీత. పళ్ళు బిగించేది, నుదుటి మీద చెమట పట్టేది, వేళ్ళు మాత్రం ఆ అంచు దగ్గరే వణుకుతూ ఉండేవి, స్విచ్చు పైనే ఉన్నా ఫ్యానైనా వేసుకోలేనంత దూరంలో. ఒకరోజు నేను గీత కొంచెం పైన గీశాను. వేలెడంత పైన. ఆవిడ కళ్ళు మూసుకుని ఉంది గదా అనుకున్నాను. కళ్ళు తెరిచి చూసింది, బొటనవేలు తడిచేసి ఆ గీత చెరిపేసింది, నా చేతిలో పెన్సిలు తీసుకుని సరైన చోట గీసి మళ్ళీ నాకిచ్చింది. "తప్పు లెక్కకి మార్కులెయ్యకూడదు," అంది. కోపంగా కాదు. కోపంగా అంటే బాగుండేది.

సైకిలు వెతుకులాట పెట్టుకున్నాక నేనెన్ని చెప్పాను. షోరూముకి తీసుకెళ్ళి మెరిసిపోయే గేర్ల సైకిలు చూపించాను. ఎలక్ట్రిక్ స్కూటరు చూపించాను, కూర్చుంటే చాలు పోతుంది అన్నాను. "కూర్చునే ఉన్నాను కదండీ ఏడాదిగా," అంది. ఆవిడకి కావలసింది ఉక్కు ఫ్రేము, అందులోనూ వాడినది. వాడినదాంట్లో ఏం లోపం ఉండాలో అది ఈపాటికే బయటపడి ఉంటుందట. అల్యూమినియం చెప్పకుండా విరుగుతుంది, ఉక్కు వంగి చెప్తుంది, వంగినదాన్ని ఏ వెల్డరైనా సరిచేస్తాడు. ఉక్కు సంగతి ఉక్కు ఫ్యాక్టరీ వాడికే చెప్పింది. ఇవాళ్టి ఈ సైకిలు నేవీ ఆఫీసరు భార్య ఒకావిడ బదిలీ మీద కొచ్చిన్ వెళ్ళిపోతూ అమ్మేసినది. పాలపిట్ట రంగు. సన్నటి గొట్టాలు, అతుకుల దగ్గర ఇత్తడి పోసి నున్నగా చేశారు, గోరుతో కొడితే పల్చటి గిన్నెలా మోగుతుంది. నా వంతు పరీక్షలు నేనూ చేశాను. జేబులోంచి అయస్కాంతం తీసి అన్ని గొట్టాలకీ అంటించాను, పిల్లని చూసుకోడానికి వచ్చి పళ్ళు లెక్కపెట్టే మేనత్తలాగా. తలకిందులు చేసి ఇరుసు దగ్గర రంగు పొంగిందేమో చూశాను, పొంగితే లోపల తుప్పు. సీటు గొట్టం లాగి చూశాను, తుప్పుకి బిగుసుకుపోయిందంటే ఇంక ఆ సైకిలు ఎవరికీ సరిపోదు. వెన్నలో వేలులా కదిలింది. లావు టైర్లు పట్టే ఖాళీ ఉంది, వెనక కేరియరు బిగించే కన్నాలున్నాయి. ఆ కన్నాలు చూడగానే ఆవిడ కళ్ళు మారాయి. చలికాలం రాగానే ఎలమంచిలి వెళ్తుందట, వాళ్ళక్క దగ్గరికి, సైకిలు మీద, దారిలో అనకాపల్లిలో ఒక రాత్రి ఆగి. నన్ను రైల్లో రమ్మంది. కానీ ఇవాళ షాపు గుమ్మం ఎక్కుతూ ఇంకో మాట కూడా అంది, ఇప్పుడు నా గుండెల మీద కూర్చున్న మాట. "ఇదే ఆఖరండీ. ఇది నాకు కుదిరిందా సరే. తొక్కలేకపోయానా, ఇంక సైకిలు మాటెత్తను. ఆటోలో పోతాను స్కూలుకి."

ఆవిడ ఫోను మోగింది, నా చేతిలో. ఎలమంచిలి వదిన, గురువమ్మగారు. ఆదివారం ఈ వేళకి చెయ్యకుండా ఉండదు. ఎత్తాను.

"దానికియ్యి మరిదీ."

"స్నానానికి వెళ్ళింది వదినగారూ."

"తానానికా. ఎనకాల బస్సు ఆరను ఇనపడతంది. మీ బాత్రూములోకి బస్సు ఎప్పుడేసినారేటి."

దొరికిపోయాను. సైకిలు చూడ్డానికి వచ్చామన్నాను. చూడ్డానికా తొక్కడానికా అంది. తొక్కి చూడ్డానికన్నాను.

"ఒక్కదాన్నీ ఒగ్గీసినావా రోడ్డు మీద? ఆ సెయ్యితోటి? నీకేటి మతి పోనాదా?" తిట్టింది కాసేపు. నేను వింటున్నాను, నిజానికి ఆ తిట్లు హాయిగా ఉన్నాయి, ఎవరో ఒకరు పైకి అనాలి కదా. తర్వాత గొంతు మారింది. "బాగా తొక్కతందా."

"చూడలేదు వదినగారూ. మలుపు తిరిగిపోయింది."

"సిన్నప్పుడూ అంతే. మా నాన్న సైకిలు దాని కంటే ఎత్తు, ఫ్రేము సందులోంచి కాలెట్టి తొక్కీది. నాను ఎనకాల సీటట్టుకుని పరిగెట్టీదాన్ని. ఒగ్గీవే, సీటు ఒగ్గీ, నువ్వట్టుకుంటే నాకు తొక్కడం రాదు, అని ఏడిసీది. ఒకరోజు ఇసుగొచ్చి ఒగ్గీసినాను. పోనాది. ఎనక్కి సూడనేదు రాలుగాయి." ఫోను ఆ చెవి నించి ఈ చెవికి మార్చుకున్నట్టుంది. "వొచ్చినాక నాకు సెయ్యమను. పడినా సెయ్యమను."

సీటు ఒగ్గీ, వదిలెయ్యమని. నేను వెనకాల పరిగెట్టకుండానే సీటు పట్టుకున్నాను, నాలుగు వేళ్ళతో. గోడ మీద గీత వేలెడు పైకి గీసినవాణ్ణే, సీటు నాలుగు వేళ్ళు కిందకి దించాను. పైకైనా కిందకైనా నా చేతికి నిజం కొలత రాదు. ఇప్పుడు ఒక్కొక్కటే అర్థమవుతోంది, సీటు మీద కూర్చుని పాదాలు ఆన్చుకుని కిందకి చూసుకుందే, అప్పుడే తెలిసిపోయి ఉంటుంది. లెక్కల టీచరు ముందు లెక్క మార్చాను. కిందకి దించిన సీటు నేల మీద నిలబడ్డానికి బాగుంటుంది, తొక్కడానికి కాదు. మోకాళ్ళు గుండెల దాకా లేస్తాయి, కాలు పూర్తిగా చాచుకోక తొడలు మండిపోతాయి, కాళ్ళు పనిచెయ్యకపోతే మనిషి చేతుల మీద వేలాడుతుంది. ఆ చేతి మీద. ఈ ఊళ్ళో చదునైన రోడ్డు ఎక్కడుందని, ఎటు వెళ్ళినా ఒక ఎత్తు, ఒక వాలు, మళ్ళీ ఒక ఎత్తు. అటు పెదవాల్తేరు వైపు వెళ్ళిందంటే దిగేటప్పుడు సముద్రం కనిపిస్తుంది, ఎక్కేటప్పుడు దేవుడు కనిపిస్తాడు. సగం ఎత్తులో దిగిపోయి, సైకిలు నడిపించుకుంటూ, చెయ్యి పొట్టకి ఆన్చుకుని వస్తుంది. వచ్చి స్టాండు వేసి, నా వల్ల కాదండీ, ఆటోలో పోతాను అంటుంది. తన వల్ల కాలేదనుకుంటుంది. సీటు వల్ల కాలేదని, సీటు నా వల్ల అలా అయిందని చెప్తే మాత్రం, ఆఖరన్న మాట వెనక్కి తీసుకుంటుందా. అప్పుడు ఏం జోకు వెయ్యాలో ఇప్పటినించీ వెతుక్కుంటున్నాను, దొరకడం లేదు. మా అమ్మాయి మెడికల్ సీటు గురించి కూడా ఇంత బెంగ పెట్టుకోలేదు, ఈ జానెడు తోలు సీటు గురించి.

లేచాను. స్టూలు పడింది. "ఏదో ఒక సైకిలు ఇవ్వవయ్యా, వెళ్ళి చూసొస్తాను," అన్నాను. సింహాద్రి నన్ను కిందనించి పైదాకా చూశాడు, సైకిలుకి కొలత తీసినట్టే. "నువ్వు అక్కని ఎతకడానికెల్తే నిన్ను ఎతకడానికి నానెల్లాల. షాపెవులు సూత్తారు బావా." గంట దాటిపోలేదూ అన్నాను. "దాటితే ఏటి. మా వోళ్ళు ఏటకెల్లి సెప్పిన పొద్దుకి ఎప్పుడొచ్చినారని. వొచ్చినప్పుడొత్తారు. ఒడ్డునున్నోడు అరిస్తే పడవ బేగి రాదు గదా." పక్క బడ్డీలోంచి టీ వచ్చింది. తాగలేదు, పట్టుకున్నాను, వేడికి వేళ్ళు మార్చుకుంటూ. డిపోలోంచి బస్సు ఒకటి బయటికొస్తే దాని వెనకాల చూశాను, ఇంకోటి వస్తే దాని ముందు చూశాను. ఒక ఆపరేషను గది ఎర్రలైటు కింద ఇలాగే టీ పట్టుకుని నిలబడ్డాను, ఆ టీ కూడా తాగలేదు, తర్వాత ఎవరో నా చేతిలోంచి గ్లాసు తీసుకుంటే మీగడ కట్టి ఉంది. ఆరోజు తలుపు వైపే చూశాను, ఇవాళ మలుపు వైపే. ఆరోజు లోపల ఆవిడ నిద్రలో ఉంది, మేలుకుని ఉన్నది నేనొక్కణ్ణే. ఇవాళ ఎక్కడో ఆవిడ కళ్ళు తెరుచుకుని ఉంది, గాలి తగులుతోంది ఆ పొట్టి జుట్టుకి, ఏ ఎత్తు దగ్గరో నన్ను తిట్టుకుంటోందేమో. తిట్టుకో తల్లీ. తిట్టుకుంటూ వచ్చెయ్యి. వదినకి నేనేం చెప్పను, శ్రీసత్యకి ఏం చెప్పను, బత్తాయిలవాళ్ళకి ఏం చెప్పను, వాళ్ళు మళ్ళీ కుర్చీ అంచున కూర్చుని, పోనీలెండి ఈ వయసులో సైకిలెందుకు అంటారు, దానికి తల ఊపాల్సి వస్తుంది.

"బావా," అన్నాడు సింహాద్రి. "అటు కాదు. ఇటు."

నేను డిపో మలుపు వైపు చూస్తున్నాను గదా, వీధి రెండో చివర నుంచి ఎవరో పొడుగాటావిడ సైకిలు మీద వస్తోంది. ఆశాజ్యోతి పొడుగు కాదు. ఈవిడ తల పక్కనున్న పళ్ళబండి గొడుగు అంచుకి తగిలేలా ఉంది. వీపు నిటారుగా, కాలు కిందకి వెళ్ళినప్పుడు పూర్తిగా చాచుకుంటూ, తీరిగ్గా, కుట్టుమిషను నడిచినట్టు నడుస్తోంది సైకిలు. పసుపు చున్నీ. పాలపిట్ట రంగు. ఉంగరాల జుట్టంతా వెనక్కి ఎగిరిపోయి నుదురు కనిపిస్తోంది, ఆ నుదురు నేను ఎక్కడో చూశాను, ఏళ్ళ కిందట చూశాను. వెనకాల ఒక ఆటో. షాపు పక్కనే, ఆవిడకి ఎడమవైపు ఒక సందు ఉంది. ఆ సందు ఇంకా కొంచెం దూరం ఉందనగా ఆవిడ ఎడంచెయ్యి హ్యాండిలు మీంచి లేచింది. ముందు మోచెయ్యి లేచింది. తర్వాత మోచెయ్యి తెరుచుకుంది, మెల్లిగా, తుప్పు పట్టిన గేటు తెరుచుకున్నట్టు, ఆగి, మళ్ళీ తెరుచుకుని. నాకు ఇక్కడ గుండె దగ్గర లాగింది. భుజం ఎత్తుకి వచ్చింది. స్విచ్‌బోర్డు అంచు దాటింది, నాకు తెలుసు ఆ ఎత్తు, గీతలు గీసినవాణ్ణి. మోచేతి దగ్గర ఇంకా కాస్త వంపు ఉంది, వేళ్ళు వణుకుతున్నాయి, ఉండనీ, వణకనీ. వెనక ఆటోవాడు బ్రేకేసి, తల బయటపెట్టి, ఆకాశం కేసి చూశాడు. మబ్బు తునక లేదు.

ఆగుతుందని లేచి రెండడుగులు వేశాను. ఆగలేదు. నా ముందునించే సందులోకి తిరిగిపోతూ, చెయ్యి మళ్ళీ హ్యాండిలు మీదకి తెచ్చుకుని, ఊపిరాడనంత సంతోషంగా, "ఇంకో రౌండండీ," అంది. గంట కొట్టింది. చక్రాల నిండా తడి ఇసుక. సముద్రం దాకా దిగిందన్నమాట. దిగి, ఎక్కిందన్నమాట.

సింహాద్రి చేతిలో చక్రం అలాగే పట్టుకుని సందు వైపు చూస్తున్నాడు. "ఆ సీటు నాను దించినకాడ నేదు బావా."

"లేదు."

"కుడిసేతి కొలతకి ఎల్లిపోనాది. ఎక్కడో ఆపి ఎత్తీసుకున్నాది."

"ఎత్తుకోనీ."

"మరి కేరియరు ఏటి సేద్దారి."

"వెయ్యి. గట్టిది వెయ్యి. ఎలమంచిలి దాకా మొయ్యాలి."

చల్లారిన టీ తాగేశాను, మీగడతో సహా. ఆవిడ ఫోను తీసి వదినగారికి చేశాను. మొదటి రింగుకే ఎత్తింది, చేతిలోనే పట్టుకుని కూర్చుందేమో ఆవిడ కూడా.

"వొచ్చినాదా."

"వచ్చింది వదినగారూ. మళ్ళీ వెళ్ళింది."

అవతల ఫోనులో రైలు కూత వినపడింది. ఎక్కడో ఎలమంచిలిలో ఒక రైలు వెళ్ళిపోయింది.

"ఎనక్కి సూసినాదా."

"లేదు."

"మరింకేటి," అంది. "కూకో."

స్టూలు లేపి సరిగ్గా పెట్టుకుని, కూర్చున్నాను.